క్వీన్స్‌లో లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ హౌస్ మ్యూజియం: ట్రంపెట్ విన్నాకే వెళ్ళండి

న్యూయార్క్, న్యూజెర్సీ సైడు ఉండే మనోళ్ళలో ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్ళనివాళ్ళు చాలా తక్కువ. దర్శనం చేసుకుంటాం, కింద క్యాంటీన్‌లో దోశ తింటాం, కారెక్కి వచ్చేస్తాం. అదే 7 నంబర్ ట్రైన్‌లో ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్ నుంచి మన్‌హట్టన్ వైపు మూడో స్టాప్ 103వ స్ట్రీట్ కరోనా ప్లాజా, అక్కడ దిగి ఓ పది నిమిషాలు నడిస్తే 107వ స్ట్రీట్‌లో ఒక మామూలు ఇటుకల ఇల్లు కనిపిస్తుంది. అమెరికా నల్లజాతి వాళ్ళ దగ్గర పుట్టిన జాజ్ సంగీతంలో మొదటి తరం ట్రంపెట్ (ఇత్తడి బూర) వాద్యకారుల్లో అందరికంటే గొప్పవాడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1943 నుంచి 1971లో పోయేదాకా ఉన్న ఇల్లు అది. టెన్నిస్ చూసేవాళ్ళకి యూఎస్ ఓపెన్‌లో లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్టేడియం పేరు బాగా తెలిసే ఉంటుంది, అది ఈ ఇంటికి దగ్గర్లోనే, ఆ పేరు పెట్టింది ఈయన గుర్తుగానే.

ముందే చెప్పేస్తా, నా దృష్టిలో ఇది న్యూయార్క్ మొత్తంలో టికెట్ డబ్బులకి పూర్తి న్యాయం చేసే మ్యూజియం. 5కి 5 ఇస్తా. కానీ ఒక షరతు, అసలు ఈ రివ్యూ రాస్తోంది కూడా ఆ షరతు గురించే. ఈయన పేరు చెప్తే మనలో ఎక్కువమందికి గుర్తొచ్చేది గరగరలాడే గొంతు, పెద్ద నవ్వు, చేతిలో తెల్ల రుమాలు, ఇంకా యాడ్స్‌లో సినిమాల్లో అరిగిపోయేదాకా వాడిన వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్. అది ఆయన 66 ఏళ్ళప్పుడు, 1967లో పాడిన పాట. ఆయన ఈ లోకానికి ఇచ్చిన అసలు సంగీతం దానికి 40 ఏళ్ళ ముందు, 1925 నుంచి 1928 మధ్యలో చికాగోలో జరిగిపోయింది. ఆ రికార్డులు వినకుండా ఈ ఇంటికెళ్తే ఒక సెలబ్రిటీ ఇల్లు చూసొచ్చినట్టు ఉంటుంది, విని వెళ్తే మాత్రం ఆ వంటింట్లో నిలబడ్డా సరే ఒళ్ళు జలదరిస్తుంది. నిజంగా అంటున్నా.

సరే, ఇంటి సంగతి చెప్తా. ఇది కొన్నది ఆయన కాదు, ఆయన నాలుగో భార్య లూసిల్. ఆవిడ కాటన్ క్లబ్ అనే పేరున్న న్యూయార్క్ నైట్‌క్లబ్‌లో డాన్సర్, 1942లో పెళ్ళయింది, ఈయనేమో ఏడాదికి మూడొందల రోజులు రోడ్డు మీదే ఉండే మనిషి, హోటలు గదే ఇల్లు. ఆవిడకి అది నచ్చలేదు. ఈయన టూర్‌లో ఉండగానే 1943లో ఈ ఇల్లు కొనేసి, సామాన్లు సర్దేసి, తర్వాత అడ్రస్ ఇచ్చి నేరుగా ఇక్కడికే వచ్చెయ్ అంది. ఈయన టాక్సీలో దిగి, ఇది మన ఇల్లేంటి అని నమ్మకం కుదరక డ్రైవర్‌ని కాసేపు ఆగమన్నాడంట. తర్వాత డబ్బు ఎంత వచ్చినా, ఎక్కడో ఈత కొలను ఉన్న బంగళాకి మారే అవకాశం ఎంతున్నా, ఈ కరోనా అనే పేట వదల్లేదు. పక్కింటివాళ్ళు కూలీనాలీ చేసుకునేవాళ్ళు, చిన్న ఉద్యోగాల వాళ్ళు. వీధిలో పిల్లలు ఈయన ట్రంపెట్ వాయిస్తుంటే మెట్ల మీద చుట్టూ చేరేవాళ్ళు, ఆ మెట్ల మీద పిల్లలతో ఆయన కూర్చున్న ఫోటో చాలా ఫేమస్. వీళ్ళిద్దరికీ పిల్లలు లేరు. లూసిల్ 1983లో పోతూ ఇంటిని న్యూయార్క్ సిటీకి రాసిచ్చింది, 2003లో మ్యూజియంగా తెరిచారు, సామాన్లు అన్నీ వాళ్ళు వదిలిన చోటే ఉన్నాయి. ఈ ఒక్క విషయం చాలు ఇది మిగతా మ్యూజియంలకంటే వేరు అని చెప్పడానికి. అద్దాల వెనక పెట్టిన వస్తువులు చూసే చోటు కాదిది, ఇంటివాళ్ళు బజారుకెళ్తే మనం వెళ్ళి వాళ్ళ ఇంట్లో నిలబడ్డట్టుంటుంది.

లోపలికి మీ ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు, చిన్న గుంపుగా గైడ్ తీసుకెళ్తారు, ఓ నలభై నిమిషాలు పడుతుంది. మాకొచ్చిన గైడ్ అమ్మాయి సంగీతం తెలిసిన మనిషి, బట్టీ పట్టి అప్పజెప్పలేదు, ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆగి చెప్పింది. అసలు మేజిక్ ఏంటంటే ఒక్కో గదిలో ఒక బటన్ నొక్కితే ఆ ఇంట్లోనే ఆయన రికార్డ్ చేసుకున్న మాటలు వినిపిస్తాయి. భోజనాల గదిలో నిలబడితే భోజనం చేస్తూ మాట్లాడుకునే మాటలు, పై గదిలో ఆయన ట్రంపెట్ ప్రాక్టీస్ చేసుకుంటున్న చప్పుడు. ఆ గోడలమధ్య పుట్టిన శబ్దం ఆ గోడలమధ్యే వినడం అనేది నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

వంటిల్లు దగ్గర కాసేపు ఆగండి. మొత్తం నీలం రంగు, నెమలికంఠానికి దగ్గరగా ఉండే నీలం, అల్మారాలన్నీ నిగనిగలాడే పాలిష్‌తో, మిక్సీ మోటారు గట్టులోనే దాచేసి, ఫ్రిజ్ గోడలో కలిపేసి 60ల్లో చేయించుకున్న కిచెన్. పొయ్యి మీద కంపెనీవాళ్ళు మిస్టర్ అండ్ మిసెస్ లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ కోసం ప్రత్యేకంగా చేసిందని ఒక ప్లేటు బిగించి ఉంటుంది. చూడ్డానికి ఆడంబరంలా ఉంటుందేమో గానీ, ఈయన చిన్నప్పుడు తిండి ఎలా ఉండేదో తెలిస్తే ఆ ప్లేటు చూసి ఆనందం వేస్తుంది. ఈయనకి ప్రాణం పెట్టే వంట ఎర్ర రాజ్మా, అన్నం, ఆయన సొంతూరు న్యూ ఆర్లీన్స్‌లో బీదా బిక్కీ అందరూ తినేది. ఉత్తరాల చివర సంతకం దగ్గర కూడా రెడ్ బీన్స్ అండ్ రైస్‌లీ యువర్స్ అని రాసేవాడు. ఇంకా కింద బాత్రూమ్ మొత్తం అద్దాలు, కుళాయిలకి బంగారు పూత, మా ఆవిడ అక్కడ్నుంచి కదలడానికి ఒప్పుకోలేదు.

కానీ నాకు ఇంటి ప్రాణం అనిపించింది పైనున్న ఆయన సొంత గది. గోడలో బిగించిన టేపు రికార్డర్లు, పక్కన రికార్డులు, ఒక బల్ల, గోడకి ఆయన బొమ్మ ఒకటి, అది గీసింది గాయకుడు టోనీ బెనెట్. 1950 నుంచి ఈయన ఎక్కడికెళ్ళినా టేపు రికార్డర్ వెంట తీసుకెళ్ళేవాడు. స్నేహితులతో కబుర్లు, జోకులు, హోటల్ గదిలో తగాదాలు, తను పాత రికార్డు పెట్టుకుని దాంతోపాటు ట్రంపెట్ వాయించడం, అన్నీ రికార్డ్ చేసేవాడు. అలాంటి టేపులు ఆరొందలకి పైనే ఉన్నాయి. ఆ టేపు డబ్బాల మీద ఫోటోలు, పేపర్ కటింగులు, టెలిగ్రాములు కత్తిరించి సెలోటేపుతో అతికించి బొమ్మల్లా చేసేవాడు, ఏ టేపులో ఏముందో చేత్తో జాబితా రాసుకునేవాడు. టైప్‌రైటర్ వెంట ఉండేది, ఉత్తరాలు వందలకొద్దీ. అంటే తన కథ వేరేవాళ్ళు రాసేదాకా ఆగకుండా తనే భద్రం చేసుకున్నాడు. ఐదో క్లాసు దాటని కుర్రాడు, చుట్టూ ఉన్నవాళ్ళు మనిషిలాగే చూడని చోట పుట్టినవాడు, నా గొంతు పోకూడదు అని ఇంత శ్రద్ధగా కూర్చుని చేసుకున్నాడంటే దాన్ని హాబీ అనడానికి నాకు మనసు రాదు.

ఇక్కడ ఆయన మొదటి జీవితం చెప్పాలి. పుట్టింది 1901 ఆగస్టు 4న, న్యూ ఆర్లీన్స్‌లో. ఆయన మాత్రం జీవితాంతం 1900 జులై 4 అనే చెప్పుకున్నాడు, చర్చిలో బాప్తిస్మం రికార్డు ఆయన పోయిన చాలా ఏళ్ళకి 1980ల్లో బయటపడింది. తండ్రి పట్టించుకోలేదు, తల్లి మేయాన్ ఏ పని దొరికితే ఆ పని చేసి పెంచింది, వాళ్ళుండే పేటని యుద్ధభూమి అని పిలిచేవాళ్ళంటే అర్థం చేసుకోండి. కార్నోఫ్‌స్కీ అని లిథువేనియా నుంచి వచ్చిన ఒక యూదు కుటుంబం పాత సామాన్ల బండి, బొగ్గు బండి నడిపేవాళ్ళు, ఈ పిల్లాడు వాళ్ళ బండి మీద రేకు బూర ఊదుకుంటూ పని చేసేవాడు. రాత్రి వాళ్ళింట్లోనే కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్ళు, తాకట్టు షాపులో ఉన్న 5 డాలర్ల కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే, కాస్త పొట్టి బూర) కొనుక్కోడానికి డబ్బు సర్దింది కూడా వాళ్ళే. 1969లో హాస్పిటల్లో పడి ఉండి, చావు తప్పి బయటపడుతున్న టైమ్‌లో ఈయన కూర్చుని చేత్తో రాసుకున్నది ఈ కుటుంబం గురించే. 60 ఏళ్ళ తర్వాత కూడా ఆ అన్నం మర్చిపోలేదు.

1912 డిసెంబర్ 31 రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో ఇంట్లో ఉన్న పిస్టల్ తీసుకెళ్ళి గాల్లోకి పేల్చాడు, పోలీసులు పట్టుకున్నారు, నల్లజాతి పిల్లల్ని పెట్టే వెయిఫ్స్ హోమ్ అనే చోటికి పంపించారు. అక్కడ పీటర్ డేవిస్ అనే మాస్టారు మొదట్లో ఈయన్ని దగ్గరికి రానివ్వలేదు, మెల్లగా చిన్న వాయిద్యాలు ఇచ్చి, బ్యూగిల్ ఇచ్చి, చివరికి కార్నెట్ ఇచ్చి బ్యాండుకి లీడర్‌ని చేశాడు. ఆ బ్యాండు ఊళ్ళో ఊరేగింపుగా వెళ్తే ఈయన పేటవాళ్ళు చందాలేసుకుని డబ్బులిచ్చారంట. న్యూ ఆర్లీన్స్‌లో బ్యాండు లేకుండా ఏదీ జరగదు, మన ఊళ్ళలో శవం లేస్తే డప్పులు, బ్యాండు పెట్టినట్టే అక్కడా మనిషి పోతే బ్యాండు ముందు నడుస్తుంది, వెళ్ళేటప్పుడు నెమ్మదిగా భక్తి పాటలు, మట్టి వేసి తిరిగొచ్చేటప్పుడు వీధంతా గంతులేసే పాటలు. ఈ పిల్లాడు ఆ గుంపు వెనకాల పరిగెత్తుతూ నేర్చుకున్నాడు.

గురువు జో ఆలివర్, అందరూ కింగ్ ఆలివర్ అంటారు. ఆయన తన పాత కార్నెట్ ఈ కుర్రాడికి ఇచ్చాడు, ఆయన భార్య అన్నం పెట్టింది, ఈయన వాళ్ళింటి పనులు చేసిపెట్టాడు, మన గురుశిష్యుల పద్ధతే. ఆలివర్ చికాగో వెళ్ళిపోయాక ఆయన జాగాలో కిడ్ ఓరీ బ్యాండులో చేరాడు, తర్వాత మిసిసిపీ నది మీద తిరిగే స్టీమర్లలో ఫేట్ మారబుల్ బ్యాండులో నొటేషన్ చదవడం నేర్చుకున్నాడు. 1922 ఆగస్టులో ఆలివర్ నుంచి టెలిగ్రామ్ వచ్చింది, చికాగోకి రా, నాకు రెండో కార్నెట్ కావాలి అని. రైలెక్కేశాడు.

1923 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో జెన్నెట్ కంపెనీలో వాళ్ళ మొదటి రికార్డింగ్. అప్పటికి రికార్డింగ్‌లో మైకులు వాడేవాళ్ళు కాదు. ఒక పెద్ద గరాటా లాంటి హారన్ ముందు అందరూ నిలబడి వాయిస్తే ఆ శబ్దం బలానికే సూది కదిలి మైనం మీద గీత పడేది. ఈ కుర్రాడి బూర మిగతా అందర్నీ మింగేస్తోందని దూరంగా, మూలకి నిలబెట్టారు. పియానో వాయించే లిల్ హార్డిన్ అది చూసింది, గురువుకంటే శిష్యుడి శబ్దం పెద్దదని అప్పుడే పట్టేసింది. 1924లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. నువ్వు ఎవరికో రెండో వాడిగా ఉండిపోవడమేంటి అని గొడవపడి బయటికి లాగింది ఆవిడే. న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్‌సన్ బ్యాండులో ఏడాదికి పైగా చేసొచ్చి, 1925 నవంబర్ 12న చికాగోలో ఓకే రికార్డ్స్‌కి తన సొంత పేరుతో హాట్ ఫైవ్ రికార్డింగులు మొదలుపెట్టాడు. లిల్ పియానో, కిడ్ ఓరీ ట్రాంబోన్, జానీ డాడ్స్ క్లారినెట్, జానీ సెయింట్ సిర్ బాంజో, ఈయనతో కలిపి ఐదుగురు. లిల్ గురించి ఇంకో మాట, పెళ్ళి నిలబడలేదు గానీ ఈయన పోయిన నెలన్నరకి, 1971 ఆగస్టు 27న చికాగోలో ఈయన సంస్మరణ కచేరీలో పియానో వాయిస్తూనే కూలిపోయి చనిపోయింది ఆవిడ. లూసిల్‌కి ఇల్లు మొత్తం ఉంది, లిల్‌కి కూడా ఒక గది ఉండాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే మనం ఇవాళ తలుచుకునే ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ముందుకి తోసింది ఆవిడ.

ఇప్పుడు ఆ రికార్డుల్లో ఏముందో చెప్తా, ఇది ఓపిగ్గా చదవండి. అప్పటిదాకా న్యూ ఆర్లీన్స్ జాజ్ అంటే అందరూ కలిసి వాయించడం, కార్నెట్ పాట పట్టుకుంటే క్లారినెట్ పైన అల్లుతుంది, ట్రాంబోన్ కింద జారుతుంది, ఎవరూ ఎక్కువ సేపు ఒంటరిగా ముందుకి రారు. ఈయన వచ్చాక ఒక్కడు నిలబడి, వెనక వాళ్ళు ఆగి దారిస్తే, పాటని పక్కన పెట్టి అప్పటికప్పుడు తన కథ చెప్పుకోవచ్చు అని తేలిపోయింది. 1927లో పొటాటో హెడ్ బ్లూస్ వినండి, బ్యాండు రెండు బార్లకి (బారు అంటే నాలుగు దెబ్బల తాళం కొలత) ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోతుంది, ఆ మధ్య ఖాళీలన్నీ ట్రంపెట్‌వే, తాళం వేసేవాడు లేకపోయినా తాళం ఒక్క సెకను జారదు, పైగా దెబ్బకి అటు ఇటు ఆడుకుంటాడు. మన కచేరీలు విన్న చెవికి ఇది వెంటనే దొరుకుతుంది. 1926లో హీబీ జీబీస్‌లో మాటలు లేకుండా అర్థంలేని అక్షరాలతో పాడేశాడు, పాట కాగితం కింద పడిపోయింది అందుకే అలా పాడా అని తర్వాత కథ చెప్పేవాడు, నిజమో కాదో గానీ ఇలా పాడే స్క్యాట్ సింగింగ్ అనేది జనంలోకి వెళ్ళింది ఆ రికార్డుతోనే. ఆ రోజుల్లోనే కార్నెట్ వదిలి ట్రంపెట్‌కి మారాడు.

అన్నిటికంటే పైన పెట్టేది వెస్ట్ ఎండ్ బ్లూస్, 1928 జూన్ 28. పాట రాసింది గురువు కింగ్ ఆలివరే. మొదలవగానే బ్యాండు ఉండదు, ట్రంపెట్ ఒక్కటే. నాలుగు స్వరాలు నిదానంగా, గట్టిగా, ఒక్కోటి విడిగా పెట్టి, అక్కడ్నుంచి ఒక్క పరుగులో పైకి ఎక్కి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, మెలికలు తిరుగుతూ కిందకి దిగుతాడు. మొత్తం పదిహేను సెకన్లు కూడా ఉండదు. తర్వాత నెమ్మదిగా బ్లూస్, క్లారినెట్‌తో ఈయన గొంతు మాటామంతీ, ఎర్ల్ హైన్స్ పియానో, చివర్లో మళ్ళీ ట్రంపెట్ వచ్చి ఒకే ఒక్క ఎత్తు స్వరం పట్టుకుంటుంది, నాలుగు బార్లు వదలదు. అలా పట్టి పట్టి, ఇంక ఊపిరి అయిపోయిందేమో అని మనకి భయం వేసే టైమ్‌కి ఆ స్వరం పగిలి జల్లులా కింద పడుతుంది. మొత్తం మూడు నిమిషాల పైచిలుకు పాట. అప్పటికి ఈయన వయసు 26. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి వినండి, పాత రికార్డు కాబట్టి గరగర ఉంటుంది, రెండోసారి వినేటప్పటికి గరగర వినపడదు.

ట్రంపెట్ ఒంటికి ఎంత ఖరీదైన వాయిద్యమో కూడా తెలియాలి. పెదవులు ఇత్తడికి నొక్కి ఊదడమే అంతా. ఆలివర్‌కి చిగుళ్ళ జబ్బు వచ్చి పళ్ళు ఊడిపోయాయి, వాయించలేకపోయాడు, బ్యాండు చెదిరింది, డబ్బు పోయింది, చివరికి జార్జియాలో సవానా ఊళ్ళో కూరగాయలు అమ్ముకుంటూ, పూల్ హాల్ ఊడుస్తూ 1938లో పోయాడు. ఆ ముందు ఏడాది టూర్‌లో శిష్యుడు అక్కడ ఆయన్ని చూసి జేబులో ఉన్నది ఇచ్చాడు. శిష్యుడి పెదవులు కూడా 30ల్లో చీలిపోయాయి, యూరప్‌లో నెలల తరబడి వాయించకుండా ఆగాల్సొచ్చింది, తర్వాత జీవితాంతం జర్మనీ నుంచి తెప్పించుకునే ఒక మలాం రాసుకునేవాడు. స్టేజి మీద చేతిలో రుమాలు ఊరికే స్టైల్‌కి కాదు. మ్యూజియంలో మౌత్‌పీస్ చూసినప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

ఇంటికెదురుగా 2023లో కొత్తగా లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ సెంటర్ కట్టారు, టూర్‌కి ముందో తర్వాతో అది కూడా చూడండి. ముందు భాగం ఇత్తడి రంగులో వంపులు తిరిగి ఉంటుంది. లోపల ఆయన ట్రంపెట్, టేపులు, కోలాజులు, ఉత్తరాలు, పియానిస్ట్ జేసన్ మోరన్ తీర్చిన ఎగ్జిబిషన్, 75 మంది పట్టే చిన్న కచేరీ హాలు. ఆయన వస్తువులు, కాగితాలు కలిపి 60,000 దాకా ఉన్న ఆర్కైవ్ ఇప్పుడు ఇక్కడే. పిల్లలు వెంట ఉంటే ఈ సెంటర్‌లో వాళ్ళకి బాగా గడిచిపోతుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నవ్వు మొహం చూసి ఈయన తెల్లవాళ్ళని మెప్పించడానికి బతికినవాడు అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1957లో ఆర్కన్సాలో లిటిల్ రాక్ స్కూల్లోకి తొమ్మిదిమంది నల్లపిల్లల్ని వెళ్ళనీకుండా గవర్నర్ సైనికుల్ని పెట్టినప్పుడు, ఈయన నార్త్ డకోటాలో కచేరీకి వెళ్ళి ఉన్నాడు, అక్కడ ఒక కుర్ర రిపోర్టర్ అడిగితే ప్రెసిడెంట్ ఐజన్‌హోవర్‌కి ధైర్యం లేదు అని, గవర్నర్‌ని నోటికొచ్చినట్టు తిట్టి, సర్కారు తరఫున వెళ్ళాల్సిన సోవియట్ యూనియన్ టూర్ నేను చెయ్యను అని చెప్పేశాడు. ఆ మాటలు దేశమంతా అచ్చయ్యాయి. కచేరీలు రద్దు చేస్తామని కొందరు, రేడియోలో రికార్డులు వెయ్యం అని కొందరు అన్నారు, ఈయన వెనక్కి తగ్గలేదు. అప్పటికి ఆయన స్థాయిలో ఉన్న నల్లజాతి కళాకారుల్లో అంత బాహాటంగా మాట్లాడినవాళ్ళు చాలా తక్కువ. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి వాయించకూడదని 1956లో లూసియానా చట్టం తెస్తే, తన బ్యాండులో ఇద్దరూ ఉన్నారు కాబట్టి సొంత ఊరు న్యూ ఆర్లీన్స్‌లోనే 1965 దాకా వాయించలేదు. ఆ ఊరు ఆయన్ని 1949లో మార్డిగ్రా పండగలో నల్లజాతి వాళ్ళు తీసే జులూ ఊరేగింపుకి రాజుని చేసిన ఊరే మళ్ళీ. అదే సమయంలో ఘనాలో, అప్పటికి ఇంకా గోల్డ్ కోస్ట్, 1956లో అక్కడి ప్రధాని ఎన్‌క్రూమా ముందు కూర్చుని ఉంటే బ్లాక్ అండ్ బ్లూ పాట వాయించాడు. నేను చేసిన పాపమల్లా నా ఒంటి రంగే అని బాధపడే పాట అది, ఇంక వేరే చెప్పక్కర్లేదు.

1964లో హలో డాలీ రికార్డు బీటిల్స్‌ని దించి అమెరికా చార్ట్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది, 62 ఏళ్ళకి. వండర్‌ఫుల్ వరల్డ్ అమెరికాలో మొదట అసలు అమ్ముడుపోలేదు, ఇంగ్లండ్‌లో 1968లో నంబర్ వన్ అయింది. ఇవి మంచి పాటలే, నాకు ఇష్టమే, కానీ వాటితోనే ఆగిపోతే ఈయన్ని సగం కూడా విననట్టే.

ప్రాక్టికల్ విషయాలు. టూర్‌కి టైమ్ స్లాట్ ఉంటుంది, వారంలో అన్ని రోజులూ తెరవరు, అందుకే సైట్‌లో చూసి ముందే బుక్ చేసుకోండి, గుంపు చిన్నది కాబట్టి శనివారాలు తొందరగా అయిపోతాయి. కారులో వెళ్తే పార్కింగ్‌కి తిప్పలు పడాలి, ట్రైన్ హాయి. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద లాటిన్ అమెరికా వాళ్ళ బండ్లు బోలెడు, శాకాహారులు ముందే అడిగి తీసుకోండి, ఎండాకాలమైతే ఇంకో పదిహేను ఇరవై నిమిషాలు నడిచి 108వ స్ట్రీట్‌లో 1944 నుంచి నడుస్తున్న లెమన్ ఐస్ కింగ్ ఆఫ్ కరోనాలో నిమ్మ ఐస్ తినండి, చాలా బాగుంటుంది. డిజీ గిలెస్పీ కూడా కొన్నేళ్ళు కరోనాలోనే ఉన్నాడు, కుర్రతనంలో ఆర్మ్‌స్ట్రాంగ్‌ని విమర్శించి తర్వాత మనసు మార్చుకున్న ట్రంపెటర్, ఇప్పుడు ఇద్దరి సమాధులూ ఫ్లషింగ్ సెమెటరీలోనే ఉన్నాయి, టైమ్ ఉంటే వెళ్ళొచ్చు.

వెళ్ళే ముందు వారం వినాల్సినవి నేనైతే ఈ వరసలో చెప్తా: ముందు ఆలివర్ బ్యాండులో 1923 రికార్డులు ఒకటి రెండు, మూలన నిలబడ్డ కుర్రాడి శబ్దం పట్టుకోడానికి, తర్వాత హీబీ జీబీస్, పొటాటో హెడ్ బ్లూస్, వెస్ట్ ఎండ్ బ్లూస్, దాని తర్వాత అదే ఏడాది డిసెంబర్‌లో ఎర్ల్ హైన్స్ ఒక్కడితో కలిసి చేసిన వెదర్ బర్డ్, పియానో ట్రంపెట్ రెండే, ఒకర్నొకరు తరుముకుంటూ ఉంటారు. అన్నీ ఆన్‌లైన్‌లో పేరు కొడితే వచ్చేస్తాయి. హాట్ ఫైవ్, ఏడుగురితో చేసిన హాట్ సెవెన్ రికార్డింగులు మొత్తం నాలుగు సీడీల సెట్లుగా కూడా దొరుకుతాయి, పాత రికార్డుల్ని జాగ్రత్తగా శుభ్రం చేసిన సెట్ చూసి తీసుకోండి, గరగర మరీ ఎక్కువ తీసేసిన వాటిల్లో ట్రంపెట్ పదును కూడా పోతుంది.